మన్మథుని చెరకు విల్లు, క్యూపిడ్ బంగారు బాణం

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

గ్రీకు, రోమన్ పురాణ గాథల ఆధారంగా ఐరోపా చిత్రకారులు గీసిన ప్రణయ చిత్రాలను గత సంచికలో పరిచయం చేశాను. ఆ చిత్రాల్లో పదే పదే కనిపించే విల్లమ్ములు, పావురాలు, గులాబీలు, పండ్లు దేనికి గుర్తులని అడుగుతూ నగరం నలుమూలల నుంచి పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒక్కచోట చేర్చి, కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: క్యూపిడ్ చేతిలోనూ విల్లే, మన మన్మథుని చేతిలోనూ విల్లే. అలెగ్జాండర్ దండయాత్ర తర్వాత గ్రీకుల నుంచే మనకు మన్మథుని రూపం వచ్చిందని మా మిత్రుడొకరు గట్టిగా వాదిస్తున్నారు. ఇది నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట

జవాబు: మీ మిత్రుని వాదన నిలవదు. అథర్వవేదం మూడో కాండలోని 25వ సూక్తం, వలచిన స్త్రీ మనసును తనవైపు తిప్పుకోవడానికి ఒక ప్రియుడు పఠించే మంత్రం. కాముని బాణం అందులో స్పష్టంగా ఉంది. ఆ బాణానికి ఆరాటమే ఈకలు, కోరికే ములుకు, ఆ ములుకును కాడకు బిగించేది సంకల్పం. అలెగ్జాండర్ సింధునది దాటి వచ్చింది క్రీ.పూ. 326లో కాగా, అథర్వవేదం అంతకు ఎన్నో తరాల ముందుది. అటు గ్రీసులో చూసినా విల్లు మొదటి నుంచీ ప్రణయ దేవత సొత్తు కాదు. క్రీ.పూ. 6వ శతాబ్దపు కవి అనాక్రియాన్ పద్యాల్లో ఎరోస్ (రోమన్లు క్యూపిడ్ అన్నది ఇతణ్ణే) ఒకచోట పెద్ద గొడ్డలి ఎత్తిన కమ్మరిలా ప్రేమికుణ్ణి మోది, చలికాలపు వాగులో ముంచుతాడు. మరొకచోట ఊదారంగు బంతి విసిరి ఆటకు పిలుస్తాడు. ఆ తర్వాతి శతాబ్దంలో, యూరిపిడిస్ నాటకాల నాటికి, విల్లు అతని చేతికి వచ్చేసింది. ఎవరు కొట్టారో, ఎటు నుంచి తగిలిందో తెలిసేలోగానే లోపల దిగబడే గాయానికి ఈ రెండు జాతులకూ బాణమే తగిన గుర్తుగా తోచి ఉంటుందని నా నమ్మకం. అందుకు అప్పులు తెచ్చుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

అయితే విల్లు ఉందా లేదా అన్నదాని కన్నా, ఆ విల్లును దేనితో చేశారన్నది ఎక్కువ ఆసక్తికరం. మన్మథుని విల్లు చెరకుగడ, దాని నారి తుమ్మెదల బారు, అమ్ములు అరవిందం, అశోకం, మామిడి పూత, నవమల్లిక, నీలోత్పలం అనే ఐదు పూలు. ఆ ఆయుధసామగ్రి అంతా తోటలోనూ చెరువులోనూ దొరికేదే. క్యూపిడ్ అమ్ములకు లోహపు ములుకులుంటాయి. తీపిలోనే కాటు దాగి ఉందన్న ఊహ మాత్రం ఇద్దరి దగ్గరా కనిపిస్తుంది. 16వ శతాబ్దపు జర్మన్ చిత్రకారుడు లూకాస్ క్రానాక్ గీసిన ఒక చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తేనెపట్టు దొంగిలించిన చిన్నారి క్యూపిడ్, ఒంటి మీద ఈగలు వాలుతూ ఉండగా, తల్లి అయిన ప్రణయ దేవి వీనస్‌తో మొర పెట్టుకుంటుంటాడు. థియోక్రిటస్ పేరుతో ప్రచారంలో ఉన్న ఒక చిన్న గ్రీకు పద్యం దీనికి మూలం. ఇంత చిన్న పురుగు ఇంత పెద్ద గాయం చేస్తుందా అని కొడుకు ఏడిస్తే, నీవూ ఆ పురుగులాంటివాడివే కదా, చిన్నవాడివైనా నీవు చేసే గాయాలు ఎంతటివో చూడు అని తల్లి నవ్వుతుంది. మన కవులు తుమ్మెదను నేరుగా వింటినారిగా బిగించారు. గ్రీకు కవి తేనెటీగను విలుకాని మీదికే ఉసిగొల్పాడు.

వయసులోనూ తేడా ఉంది. పాతకాలపు గ్రీకు కుండల మీద ఎరోస్ రెక్కలున్న యువకుడు. అలెగ్జాండర్ తర్వాతి హెలెనిస్టిక్ కాలంలో అతడు క్రమంగా బొద్దుగా ఉండే పసివాడయ్యాడు. మన్మథుడు ఎన్నడూ పసివాడు కాడు. ఎల్లోరా కైలాస దేవాలయ శిల్పంలో అతడు రతిదేవిని వెంటబెట్టుకునే నిలుచున్నాడు. పైగా మన కథలో అతడు కాలి బూడిదై, అనంగుడై, భార్య కోసం మళ్లీ నిలబడ్డవాడు. తెలంగాణలో హోలీకి ముందు రాత్రి కాముని దహనం జరిపే అలవాటు, పిల్లలు కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జాజిరి పాడే అలవాటు ఈ కథను గుళ్లలో కన్నా వీధుల్లోనే ఎక్కువ బతికించాయి. ఒళ్లు లేనివాణ్ణి బొమ్మగా చేసి కాల్చడం ఎంత గొప్ప ఊహో ఆలోచించండి. క్యూపిడ్‌కు అలాంటి మరణం గ్రీకులు గానీ రోమన్లు గానీ రాయలేదు.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో లలితా సహస్రనామం చదివేవారుంటే ‘మనోరూపేక్షుకోదండా, పంచతన్మాత్రసాయకా’ అన్న నామాలు మీకు పరిచితమే. అక్కడ అదే చెరకు విల్లు మనసయింది, అవే ఐదు పూలబాణాలు శబ్దం, స్పర్శ, రూపం, రసం, గంధం అయ్యాయి. మన్మథుని చేతిలో కోరికకు గుర్తయిన వస్తువు అమ్మవారి చేతికి వచ్చేసరికి కోరికను అదుపులో ఉంచే శక్తికి గుర్తయింది. ఏ చిత్రంలోనైనా ఒక గుర్తుకు అర్థం వెతికేముందు అది ఎవరి చేతిలో ఉందో చూడమని నేను పదే పదే కోరేది ఇందుకే.

ప్రశ్న: క్యూపిడ్ దగ్గర రెండు రకాల బాణాలు ఉంటాయని చదివాను. చిత్రాల్లో వాటిని ఎలా గుర్తుపట్టాలి?
– డిగ్రీ విద్యార్థిని, కోఠి

జవాబు: మీరు చదివినది రోమన్ కవి ఓవిడ్ రాసిన రూపపరివర్తన గాథల్లోని మొదటి భాగంలో ఉంది. పైథాన్ అనే మహాసర్పాన్ని చంపిన గర్వంతో అపోలో దేవుడు, నీవంటి పిల్లవాడికి విల్లెందుకని క్యూపిడ్‌ను ఎగతాళి చేస్తాడు. క్యూపిడ్ పర్నాసస్ కొండ మీద నిలబడి రెండు బాణాలు తీస్తాడు. వాటిలో బంగారు ములుకుతో మెరిసే పదునైన బాణం కోరిక పుట్టిస్తుంది, సీసపు ములుకు ఉన్న మొద్దు బాణం ఏవగింపు పుట్టిస్తుంది. మొదటిది అపోలోకు, రెండోది నదీదేవుని కూతురు డాఫ్నీకి తగులుతాయి. అతడు తరుముతాడు, ఆమె పరుగెడుతుంది, చివరికి తండ్రిని వేడుకుని లారెల్ చెట్టుగా మారిపోతుంది.

చిత్రాల్లో ములుకు రంగును బట్టి బాణాన్ని పోల్చుకోవడం చాలాసార్లు కుదరదు. తగిలినవారిని చూడడమే మార్గం. ఈ కథకు రోమ్ నగరంలోని బోర్గేసే గ్యాలరీలో బెర్నీని 1622–25 మధ్య చెక్కిన పాలరాతి శిల్పాన్ని మించిన ఉదాహరణ లేదు. అందులో క్యూపిడ్ లేడు, విల్లు లేదు, బాణాలూ లేవు. బాణాలు చేసిన పని మాత్రమే ఉంది. డాఫ్నీ పైకెత్తిన చేతివేళ్ల కొసలు ఆకులుగా విచ్చుకుంటాయి. కాలివేళ్లు వేళ్లూని నేలలోకి దిగుతాయి. కింది నుంచి ఎగబాకిన బెరడు సరిగ్గా అపోలో చేయి ఆమె నడుమును చుట్టిన చోట అడ్డుపడుతుంది, అందువల్ల అతని అరచేతికి తగిలింది బెరడే తప్ప ఆమె ఒళ్లు కాదు. పరుగెత్తి పరుగెత్తి అందుకున్న క్షణంలోనే చేజారిపోవడాన్ని ఇంత దగ్గరగా చూపిన శిల్పి మరొకరు లేరని నా అభిప్రాయం. పారిపోయే అందాల వెంట పడేవాడి చేతికి ఆకులూ చేదు పండ్లూ మిగులుతాయన్న భావంతో, తర్వాతి కాలంలో పోపు ఎనిమిదో అర్బన్ అయిన మాఫియో బార్బెరీని రాసిన లాటిన్ ద్విపదను దాని పీఠం మీద చెక్కించారు. ఒక మతాధిపతి భవనంలో ఇలాంటి శిల్పాన్ని ఉంచడానికి ఆ నీతి వాక్యం రక్షణగా పనికివచ్చింది. శిల్పం మాత్రం ఆ నీతికి లొంగదు. చూసేవారి మనసు అపోలో వైపు కన్నా, నోరు తెరిచి కేక పెడుతున్న ఆ అమ్మాయి వైపే వెళుతుంది.

మన పంచబాణాల్లో సీసపు బాణం వంటిది లేదు. ఉన్మాదనం, తాపనం, శోషణం, స్తంభనం, సమ్మోహనం అని వాటి ప్రభావాలను చెప్పినవారు, కోరిక పుట్టాక మనిషి పడే పాట్లనే ఐదుగా విడదీశారు. ఏవగింపును దేవుడు పంపిన ఆయుధంగా వారు ఊహించలేదు.

ప్రశ్న: కొన్ని చిత్రాల్లో క్యూపిడ్ కళ్లకు గంతలుంటాయి, కొన్నింట్లో ఉండవు. ప్రేమ గుడ్డిదని చెప్పడమేనా?
– గృహిణి, మల్కాజిగిరి

జవాబు: అంతే అయితే అన్ని చిత్రాల్లోనూ గంతలు ఉండాలి. ప్రేమకు కళ్లు లేవని ప్రాచీన కవులు అన్నప్పటికీ, ప్రాచీన శిల్పులు క్యూపిడ్ కళ్లకు గుడ్డ కట్టడం అరుదు. ఆ అలవాటు మధ్యయుగపు క్రైస్తవ నీతిబోధకుల కాలంలో స్థిరపడింది. వారి దృష్టిలో కళ్లకు గంతలు మెచ్చుకోలు కాదు. రాత్రి, మృత్యువు, అదృష్టం వంటి వాటిని గుడ్డివిగా చూపే వరుసలోనే వారు దేహవాంఛనూ చేర్చారు. కళాచరిత్రకారుడు ఎర్విన్ పానోఫ్‌స్కీ 1939లో వెలువరించిన గ్రంథంలో ఒక అధ్యాయమంతా ఈ గుడ్డి క్యూపిడ్ గురించే రాశారు.

అందువల్ల ఒక చిత్రంలో గంతలు ఉన్నాయా, తీసేస్తున్నారా, కడుతున్నారా అన్నది గమనించాలి. బాటిచెల్లి 1480 ప్రాంతంలో గీసిన ‘ప్రిమవేరా’లో వీనస్ తల మీదుగా ఎగురుతున్న క్యూపిడ్, కళ్లకు గంతలతోనే, నాట్యం చేస్తున్న ముగ్గురు యువతుల వైపు బాణం ఎక్కుపెడతాడు. టిషియన్ ముసలితనంలో గీసిన చిత్రంలో, అది కూడా బోర్గేసే గ్యాలరీలోనే ఉంది, వీనస్ ఒక కొడుకు కళ్లకు గంతలు కడుతుంటే ఇంకొకడు కళ్లు తెరుచుకుని ఆమె భుజం మీదికి వాలి ఉంటాడు. చూసే ప్రేమ, చూడని ప్రేమ రెండూ ఒకే తల్లి దగ్గర ఉన్నాయన్నమాట. క్రానాక్ మరింత సూటిగా చెప్పాడు. ఫిలడెల్ఫియాలో ఉన్న అతని చిత్రంలో క్యూపిడ్ ప్లేటో రచనల సంపుటం మీద నిలబడి తన గంతలు తానే విప్పుకుంటాడు.

మన్మథునికి గంతలు కట్టాలని మనవాళ్లకు తోచలేదు. మన కథలో ముఖ్యమైన కన్ను విలుకానిది కాదు, బాణం తగిలినవానిది. ఆ మూడో కన్ను తెరుచుకోవడంతోనే విలుకాడు బూడిదయ్యాడు.

ప్రశ్న: మా తరగతిలో బ్రాంజినో గీసిన వీనస్, క్యూపిడ్ చిత్రాన్ని చూపించారు. బొమ్మ నిండా గుర్తులే ఉన్నాయని చెప్పి వదిలేశారు. కాస్త విడమరిచి చెప్పగలరా?
– లలిత కళల విద్యార్థి, మాసబ్ ట్యాంక్

జవాబు: సంతోషంగా చెబుతాను, ఎందుకంటే ఐరోపా చిత్రకళలో ప్రణయ చిహ్నాలను ఇంత కిక్కిరిసేలా, ఇంత చల్లగా, ఇంత క్రూరంగా పేర్చిన చిత్రం నాకు తెలిసి ఇంకొకటి లేదు. ఫ్లారెన్స్ నగర పాలకుడు కోసిమో దె మెడిచి ఆస్థాన చిత్రకారుడైన బ్రాంజినో దీన్ని 1545 ప్రాంతంలో గీశాడు. ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్‌కు పంపిన చిత్రం ఇదేనని భావిస్తారు. ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

మధ్యలో వీనస్ పాలరాయిలా మెరుస్తూ కూర్చుని ఉంటుంది. క్యూపిడ్ ఆమెను ముద్దు పెట్టుకుంటుంటాడు. ఇక్కడ చేతులను చూడాలి. ఆమె ఎడమచేతిలో బంగారు ఆపిల్ ఉంది, అది ఆమె ఎవరో చెబుతుంది. ఆమె కుడిచేయి కొడుకు అమ్మును సంగ్రహించి పైకెత్తి పట్టుకుంది. కొడుకు చేయి ఒకటి ఆమె తల వెనక్కి పాకింది, ముత్యాలు పొదిగిన కిరీటం కాజేయడానికి. లాలనగా కనిపించే ప్రతి కదలికలోనూ దొంగతనం ఉంది. ఒకరి ఆయుధాన్ని ఒకరు లాక్కుంటున్నారు.

వారికి కుడివైపు ఒక పిల్లవాడు రెండు చేతులనిండా గులాబీలు పట్టుకుని వారి మీద చల్లబోతున్నాడు. అతని కాలికి మువ్వలు కట్టి ఉన్నాయి. ముఖం నవ్వుతో వెలిగిపోతోంది. అతని రెండో పాదం దగ్గరికి మీ చూపు దించండి. పొడవాటి ముల్లు ఒకటి అరికాలిలో దిగి పైకి వచ్చింది. అతనికి ఆ స్పృహే లేదు. అచ్చుబొమ్మ చిన్నదైతే ఈ ముల్లు కనిపించదు కాబట్టి, పెద్ద ప్రతిలోనే చూడండి. ఆ పిల్లవాడి వెనుక ఆకుపచ్చ దుస్తుల్లో చక్కని ముఖమున్న ఒక అమ్మాయి తేనెపట్టు అందిస్తోంది. ఆమె దుస్తుల అంచు కింద పొలుసుల ఒళ్లు, సింహపు గోళ్లు, చుట్టచుట్టుకున్న తోక బయటపడతాయి. తేనె ఇచ్చే చేయి ఒకటైతే, ఆ తోక కొసనున్న కొండిని పట్టిన చేయి మరొకటి. ఇంకా నిదానించి చూస్తే, ఆమె కుడిచేయి ఉండవలసిన చోట ఎడమచేయి, ఎడమ ఉండవలసిన చోట కుడి ఉన్నాయి. వంచనను ఇంతకన్నా నిశ్శబ్దంగా గీయడం సాధ్యం కాదు. ఎడమవైపు చీకట్లో ఒక ఆకారం జుట్టు పీక్కుంటూ అరుస్తోంది. దాన్ని అసూయ అన్నవారున్నారు, ఆ రోజుల్లో ఐరోపాను పీడించిన సుఖవ్యాధి అన్నవారూ ఉన్నారు. కింద మూలన మాస్కులు పడి ఉన్నాయి.

పైన, భుజం మీద ఇసుక గడియారం మోస్తున్న ముసలివాడు కాలపురుషుడు. అతడు బలమైన చేయి చాచి నీలిరంగు తెరను లాగుతున్నాడు. ఎదురుగా తల వెనుక భాగమే లేని ఒక ముఖం ఆ తెరను పట్టుకుని ఉంది. అది మరపు అని చాలామంది పండితుల అభిప్రాయం. కాలం ఈ దృశ్యాన్ని బయటపెడుతోందా, కప్పేస్తోందా అన్నది ఇప్పటికీ తేలని చర్చ. బయటపెడుతోందనే నేను అనుకుంటాను, ఆ చేతి ఊపులో కప్పేవాడి జాగ్రత్త కన్నా విప్పేవాడి కోపం ఎక్కువగా ఉంది. తేనెతో మొదలుపెట్టి కొండి దాకా ఒక్కో గుర్తునూ మీ నోటుపుస్తకంలో గీసుకుని, ఎవరి చేయి దేన్ని తాకుతోందో బాణపు గుర్తులతో కలపండి. చిత్రం తనంతట తానే విచ్చుకుంటుంది.

ప్రశ్న: ఆపిల్ పండు పాపానికి గుర్తని బడిలో నేర్చుకున్నాం. మీరేమో అది వీనస్ గుర్తు అంటున్నారు.
– పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: రెండూ సరైనవే. ఈవ్ చేతిలో ఉంటే బైబిలు కథ, వీనస్ చేతిలో ఉంటే పారిస్ తీర్పు కథ. పీలియస్, థెటిస్‌ల పెళ్లికి పిలుపు రాని కలహదేవత, అత్యంత సుందరికి అని చెప్పి బంగారు ఆపిల్‌ను విందులోకి విసిరింది. హీరా, అథీనా, ఆఫ్రొడైటి ముగ్గురూ అది తమదేనన్నారు. తీర్పు చెప్పమని ట్రాయ్ రాకుమారుడు పారిస్‌ను అడిగారు. హీరా రాజ్యం ఇస్తానంది, అథీనా యుద్ధవిజయం ఇస్తానంది, ఆఫ్రొడైటి స్పార్టా రాణి హెలెన్‌ను ఇస్తానంది. పండు ఆఫ్రొడైటికి దక్కింది, హెలెన్ కోసం జరిగిన యుద్ధంలో ట్రాయ్ తగలబడింది. రోమన్లు వీనస్ అని పిలిచింది ఈ ఆఫ్రొడైటినే. చిత్రకారులు ఆమె చేతిలో పండును అందమైన ఆభరణంలా గీస్తారు గానీ, ఆ పండు వెనుక ఒక నగరపు చావు ఉందని తెలిసినవారే దాన్ని పూర్తిగా చూడగలరు.

పండు విసరడం గ్రీకుల్లో వలపు తెలిపే పద్ధతి కూడా. పరుగుపందెంలో తనను ఓడించినవాణ్ణే పెళ్లాడతానన్న అటలాంటాను, హిప్పోమెనీస్ మూడు బంగారు ఆపిల్ పండ్లు ఒక్కొక్కటిగా పక్కకు విసిరి గెలిచాడు. గ్విదో రేనీ గీసిన ఆ చిత్రంలో ఆమె పండు కోసం నేలకు వంగుతుంటే అతడు దాటిపోతాడు. ఇద్దరి ఒళ్లూ చెరొకవైపు వాలి గీసిన గీతల్లోనే ఆ పందెం ఫలితం తెలిసిపోతుంది.

ప్రశ్న: రవివర్మ దమయంతి పక్కనున్న హంస ఎంతో పవిత్రంగా ఉంటుంది. ఐరోపా చిత్రాల్లో అదే హంసను స్త్రీతో కలిపి అసభ్యంగా ఎందుకు చూపారు?
– బ్యాంకు ఉద్యోగిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీకు కలిగిన ఇబ్బంది సహజమైనదే. పక్షి ఒకటే గానీ, కథల్లో దాని పని వేరు. నలదమయంతుల కథలో హంస దూత. నలుని గుణాలు దమయంతి చెవిన వేస్తుంది, ఆమె మనసు తెలుసుకుని తిరిగి వెళుతుంది. దాని బలమంతా మాటలోనే ఉంది. శ్రీనాథుడు తెలుగులోకి తెచ్చిన నైషధ కథలోనూ ఆ హంస గడుసు మాటకారి. 1899లో రవివర్మ గీసిన చిత్రంలో దమయంతి తల వంచి వింటూ ఉండడం, పక్షి ఆమె వైపు ముఖమెత్తి ఉండడం తప్ప ఇంకేమీ జరగదు. వినడమే అక్కడ ప్రణయం.

లీడా కథలో హంస దూత కాదు, వేషం వేసుకున్న గ్రీకు దేవతల రాజు జ్యూస్. స్పార్టా రాజు భార్య అయిన లీడా దగ్గరికి అతడు ఆ రూపంలో వచ్చాడు. హెలెన్ పుట్టింది ఈ కలయిక వల్లనే. లియొనార్డో గీసిన లీడా చిత్రం ఇప్పుడు లేదు, దానిని చూసి ఇతరులు వేసిన ప్రతులు మిగిలాయి. కొరెజియో 1530 ప్రాంతంలో గీసినది బెర్లిన్‌లో ఉంది. తర్వాతి శతాబ్దాల్లో ఆ చిత్రాన్ని సొంతం చేసుకున్న ఒక ఫ్రెంచి ప్రభువు కోపంతో లీడా తలను పాడు చేశాడు, దాన్ని మళ్లీ గీయించవలసి వచ్చింది. అంటే మీ ఇబ్బంది ఐరోపావారికీ కలిగింది. ఆ చిత్రాల్లో చాలావరకు లీడా ముఖంలో సంతోషమే గీశారు. కథలో ఆమెకు ఎంపిక చేసుకునే అవకాశం ఎంత ఉందన్నది ఆ చిత్రకారులు తమను తాము అడగలేదు. ఈనాటి ప్రేక్షకులు ఆ ప్రశ్న అడగడం న్యాయమేనని నేను అనుకుంటాను.

ప్రశ్న: సాలార్ జంగ్ మ్యూజియంలో మేలిముసుగు వేసుకున్న రెబెకా శిల్పం వీనస్‌దేనా? మా పిల్లలు అడిగితే చెప్పలేకపోయాను.
– పాఠకురాలు, చాదర్‌ఘాట్

జవాబు: కాదు. రెబెకా బైబిలు పాత నిబంధనలోని వధువు. ఆదికాండం 24వ అధ్యాయంలో, తాను పెళ్లాడబోయే ఇస్సాకు దూరం నుంచి నడిచి రావడం చూసి, ఒంటె దిగి, ముసుగు వేసుకుంటుంది. ఇటలీ శిల్పి బెన్జోనీ పట్టుకున్నది ఆ క్షణాన్ని. మొదటి సాలార్ జంగ్ 1876లో రోమ్‌లో ఈ శిల్పాన్ని కొన్నారు. బెన్జోనీ కార్యశాల నుంచి ఇలాంటి ప్రతులు మరికొన్ని వెలువడి, ఇతర దేశాల్లోనూ ఉన్నాయి.

అయినా మీ సందేహం మంచిదే. వీనస్ కాదని ఆ శిల్పాన్ని చూసి ఎలా తెలుసుకోవాలో పిల్లలకు చెప్పవచ్చు. పావురం లేదు, ఆపిల్ లేదు, క్యూపిడ్ లేడు, పాదాల దగ్గర ఆల్చిప్ప గానీ డాల్ఫిన్ గానీ లేదు. ఉన్నది ముసుగొక్కటే. ఆ ముసుగు కింద ముక్కు, పెదవులు, వాల్చిన కనురెప్పలు రాతిలోనే రాయి చాటున కనిపిస్తాయి. వీనస్ శిల్పాలు దాచకుండా చూపి కోరికను చెబితే, ఇది దాచడంలోనే చెప్పింది. ఈసారి వెళ్లినప్పుడు ఎదురుగా మాత్రమే చూసి వచ్చేయకుండా, పక్కకు నిలబడి, గడ్డం దగ్గర ముసుగు ముడతలు ఒంటికి అంటుకుని ఎక్కడ విడివడుతున్నాయో పిల్లలకు చూపించండి.

ప్రశ్న: గులాబీ, పావురం ఎందుకు ప్రేమకు గుర్తులయ్యాయి? ఆకుపచ్చని పొద ఒకటి కూడా వీనస్ చిత్రాల్లో కనిపిస్తుంది, అదేమిటి?
– పాఠకుడు, సైదాబాద్

జవాబు: గాయపడిన ప్రియుడు అడోనిస్ దగ్గరికి పరుగెడుతున్న ఆఫ్రొడైటి కాలిలో ముల్లు దిగి, ఆ రక్తంతో తెల్ల గులాబీ ఎర్రబడిందని ఒక కథ. బాటిచెల్లి గీసిన వీనస్ జననంలో గాలిదేవతల ఊపిరితో పాటు రాలుతున్నవీ గులాబీలే. పావురాలను సైప్రస్ దీవిలోని పాఫోస్ ఆలయంలో ఆమెకు అంకితం చేసేవారు. అయితే క్రైస్తవ చిత్రంలో పావురం పరిశుద్ధాత్మ అవుతుంది కనుక, చుట్టూ ఎవరున్నారో చూసుకోండి. కవయిత్రి శాఫో మాత్రం ఆఫ్రొడైటి రథానికి పావురాలను కాక పిచ్చుకలను కట్టింది. మీరడిగిన పొద మిర్టిల్. సముద్రంలోంచి వచ్చిన వీనస్ తడి ఒంటిని దాచుకున్నది దాని చాటునేనని ఓవిడ్ రాశాడు. టిషియన్ 1538లో గీసిన ఉర్బీనో వీనస్ చిత్రంలో పడుకున్న స్త్రీ చేతిలో గులాబీలు, కిటికీ అంచున కుండీలో మిర్టిల్ ఉంటాయి. ఆమె కాళ్ల దగ్గర కుక్కపిల్ల నిద్రపోతూ ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి లండన్ నుంచి పికడిల్లీ సర్కస్‌లోని ఎరోస్ విగ్రహం ఫోటో పంపాడు. ఆ కూడలిలో ప్రణయ దేవతను ఎందుకు నిలబెట్టారు?
– పాఠకుడు, ఎ.ఎస్. రావు నగర్

జవాబు: జనం ఎరోస్ అని పిలుస్తారు గానీ, ఆల్‌ఫ్రెడ్ గిల్బర్ట్ అల్యూమినియంతో పోతపోసిన ఆ విగ్రహం అతని తమ్ముడు ఆంటెరోస్‌ది. తిరిగి ఇచ్చే ప్రేమకు, ప్రతిఫలం ఆశించని ప్రేమకు అతడు అధిదేవత. ఫ్యాక్టరీల్లోనూ గనుల్లోనూ నలిగిపోతున్న పిల్లల పనిగంటలు తగ్గించడానికి పార్లమెంటులో పోరాడిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు జ్ఞాపకార్థం 1893లో ఆ ఫౌంటెన్‌ను ఆవిష్కరించారు. అందుకే కోరిక పుట్టించే అన్నను కాక తమ్ముణ్ణి ఎంచుకున్నారు. రెక్కలూ విల్లూ ఇద్దరికీ ఉండడంతో జనం పాత పేరే ఖాయం చేసుకున్నారు.